బల్లకు ముందు శనివారం

మా పల్లెలో నెలకో శనివారం వంటలు పొద్దుండగానే అయిపోయేవి. మర్నాడు నెలలో మొదటి ఆదివారం, బల్ల ఆదివారం, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. బల్లకు ముందురోజు సిద్ధపాటు కూడిక పెట్టుకోవడం మా బాప్తిస్టు సంఘంలో పెద్దల కాలంనుంచీ ఉన్న పద్ధతి. నేను చెప్పేది 1970లలో మాట. కరెంటు అప్పటికి ఊళ్ళోకి వచ్చింది గానీ ఊరి బయటి మా పల్లెలోకి రాలేదు. పెట్రోమాక్సు లైటు వెలిగించి గుడి నడిమి దూలానికి తగిలించేవారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు, చాపలమీద. నేను నాయనమ్మ పక్కన.

ఆ కూడికలో పాట ఒకటే. ప్రసంగం ఉండదు. పాస్టరు గారు సంఘ నిబంధన కాగితం తీసి నిదానంగా చదివేవారు. ఒకరి కష్టంలో ఒకరం నిలబడతామని, ఇచ్చిన మాట తప్పమని, బాకీలు ఎగ్గొట్టమని, చాడీలు చెప్పమని, మత్తు పానీయాలు ముట్టమని, ఇంట్లో కుటుంబ ప్రార్థన మానమని. చదవడం అయ్యాక కాగితం మడిచి, "మనలో ఎవరికైనా ఎవరిమీదైనా మనసులో ఏమన్నా ఉందా?" అని అడిగి ఊరుకునేవారు. సమాధానం వచ్చేదాకా ఆయన తొందరపెట్టేవారు కాదు. పిల్లలం మాకు అది ఎంతకీ తెమలని కూడికలా ఉండేది. పెద్దవాళ్ళకు మాత్రం అది నెలలో అన్నిటికన్నా బరువైన గంట.

ఒకసారి మా వరస పెదనాన్నలిద్దరు, సొంత అన్నదమ్ములు, గట్టు తగాదాలో పడి మాటలు మానుకున్నారు. చిన్నాయన లేచి, "అయ్యగారూ, రేపు నేను బల్ల తీసుకోను" అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. పాస్టరు గారు మత్తయి అయిదో అధ్యాయం తెరిచి, బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట చదివారు. అంతే, ఇంకొక్క మాట కలపలేదు. అన్న లేచి బయటికి నడిచాడు. కాసేపటికి తమ్ముడూ వెళ్ళాడు. గుడి వెనక చింతచెట్టు కింద ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. సంఘమంతా లోపల కూచుని ఎదురుచూసింది. నేను నాయనమ్మ ఒళ్ళో నిద్రపోయాను. ఆ గట్టు సంగతి తేలడానికి తర్వాత ఏడాది పట్టిందని పెద్దయ్యాక తెలిసింది. కానీ మర్నాడు బల్ల దగ్గర ఇద్దరూ ఉన్నారు. ఆ ఏడాదంతా ఒకరింటికి ఒకరు పోతూనే తగాదా పడ్డారు.

విశ్వాసం అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే నాకు ముందు ఆ రాత్రే గుర్తొస్తుంది. మనుషులు తమ బతుకును ఒకరి ముందు ఒకరు తెరిచి పెట్టుకోవడానికి ఒప్పుకున్న చోటు అది. ఆ ఒప్పుకోలు ఎంత అరుదైనదో ఊరు దాటి బయటికి వచ్చాకే తెలిసింది.

మా గుడి సున్నపు గోడల కట్టడం, పైన పెంకు. గంట లేదు. చింతకొమ్మకు కట్టిన రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టేవారు. మొదటి గంటకు స్నానాలు, రెండో గంటకు బయల్దేరడం. పాస్టరు గారికి మాది కాక ఇంకో రెండు పల్లెలు ఉండేవి. సైకిలు మీద తిరిగేవారు. ఆయన రాని ఆదివారాల్లో డీకన్లలో, అంటే సంఘం ఎన్నుకున్న పెద్దల్లో, ఒకరు ఆరాధన నడిపేవారు. రోజంతా పొలంలో వంగిన మనిషి తెల్ల పంచె కట్టుకుని బైబిలు పట్టుకుని నిలబడితే, చదవడంలో ఎన్ని తడబాట్లున్నా ఒక్కరూ నవ్వేవారు కాదు. పాస్టరు గారు రామాయపట్నం సెమినరీలో చదువుకున్నారు. 1872లో మొదలైన ఆ వేదపాఠశాలలో చదివిన కాపరి అంటే మా దగ్గర గౌరవం. ఆయన దగ్గర పుస్తకాలు ఒక చిన్న ట్రంకు పెట్టెలో పట్టేవి. ప్రసంగం ఇరవై నిమిషాలు మించేది కాదు, కానీ అందులో చెప్పిన మాటను వారమంతా ఇంటింటికీ వచ్చి గుర్తు చేసేవారు.

కీర్తనలు మాత్రం సంఘం సొత్తు. పుస్తకంలో పాటకు పైన రాగం, తాళం అచ్చు వేసి ఉండేవి. మా వాళ్ళలో రాగం పేరు తెలిసినవాళ్ళు తక్కువ, రాగం తప్పేవాళ్ళు ఇంకా తక్కువ. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు చరణాలన్నీ వరస తప్పకుండా పాడేది. 1890లో కన్నుమూసిన ఆయన పాటలు నాట్లలోనూ, దంపుళ్ళలోనూ, శవం దగ్గర రాత్రి జాగారంలోనూ ఆమె నోట వినే నేను దైవశాస్త్రం నేర్చుకున్నాను. ఆ మాట నేను అతిశయానికి అనడం లేదు.

మా సంఘం ఎక్కడినుంచి వచ్చిందో కూడా నాయనమ్మే చెప్పేది. నెల్లూరునుంచి వచ్చిన అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే ఆయన, జూలియా, రూతు అనే ఇద్దరు ఆడవాళ్ళు, ఈ ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి, కిందికి కనపడే పల్లెలన్నిటి కోసం ప్రార్థించారు. అప్పటికి నెల్లూరులో మిషను మొదలై పద్నాలుగేళ్ళు. ఫలం చూస్తే చాలా కొద్ది. అమెరికాలో ఉన్న వాళ్ళ సొసైటీ ఈ మిషనును మూసేద్దామా అని అంతకు ముందే చర్చలు చేసింది. ఆ కొండమీద ప్రార్థించిన అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళని నాయనమ్మ ప్రతిసారీ గట్టిగా చెప్పేది. ఆ తర్వాత 1866లో అదే మిషనుకు చెందిన క్లవు దొర ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

కానీ నాయనమ్మ కథలో అసలు మనిషి దొర కాదు, యెర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు మనిషి, మా మాదిగ కులస్థుడు. క్లవు దొర రాకముందే దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు, 1866లో బాప్తిస్మం పొందినవాడు. ఆయన వెంట పల్లెలు పల్లెలుగా విన్నారు. చేరేవాళ్ళకు మొదట్లో పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివేవాళ్ళకు ఇవి చిన్న సంగతులనిపించవచ్చు. ఆ కాలపు పల్లెలో ఈ మూడూ మూడు పోరాటాలు. ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం. చచ్చిన గొడ్డు కబళం వద్దంటే తరతరాల వెట్టి కట్టుబాటును కాదన్నట్టు. విగ్రహాలకు మొక్కం అంటే జాతరలో డప్పు కొట్టం అన్నట్టే. ఊరంతా మీద పడేది. పని మానిపించేవారు, నీళ్ళు ఆపేవారు, దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. మా వాళ్ళ విశ్వాసం పుస్తకంలో చదివిన సిద్ధాంతంగా మొదలవలేదు. ఆదివారం పొద్దున పొలానికి పోకపోవడంతో మొదలైంది. ప్రవర్తన విశ్వాసం తర్వాత వచ్చే రెండో మెట్టని ఎవరైనా బోధిస్తే నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. మా ముత్తాతల విషయంలో రెండూ ఒకే రోజు వచ్చాయి.

ఆ తర్వాత ధాత కరువు. 1876నుంచి 1878 దాకా. క్లవు దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో వచ్చిన జనానికి పని ఇచ్చాడు. ప్రసంగీకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. తట్టలు మోసి అలిసి కూచున్నవాళ్ళకు సువార్త చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగినా కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట ఎవరిమీదా పడకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. ఇచ్చినవాళ్ళు అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. ఆ ఏడాది ఆఖరుకి చేరినవాళ్ళు తొమ్మిది వేలు దాటారు. నాయనమ్మ వాళ్ళ అమ్మమ్మ ఆ జూలై రోజు నీళ్ళలో దిగిన కొత్త పెళ్ళికూతురు. ఆ ముసలమ్మ చెప్పిందట: "నీళ్ళలో ఉన్నది ఒక్క నిమిషం, ఇంటికొచ్చాక నిలబడాల్సింది బతుకంతా."

అదే నదిలో నా చిన్నప్పుడు కూడా బాప్తిస్మాలు జరిగేవి. మా దగ్గర పసిపిల్లలకు బాప్తిస్మం లేదు, ప్రతిష్ఠ ప్రార్థన మాత్రమే. పెరిగి, తెలిసి, తానే నోరు తెరిచి అడగాలి. అడిగినంత మాత్రాన అయ్యేదీ కాదు. కొన్ని నెలలు బాప్తిస్మపు పాఠాలు చెప్పి, తర్వాత సంఘం ముందు నిలబెట్టి ప్రశ్నలు వేసేవారు. పాస్టరు గారు రక్షణ గురించి, మారుమనస్సు గురించి అడుగుతారు. ఆ తర్వాత సభ్యులెవరైనా అడగొచ్చు. అక్కడే అసలు పరీక్ష. ఒకసారి హైస్కూలు చదివిన కుర్రాడు పాస్టరు గారి ప్రశ్నలన్నిటికీ వాక్యాలతో సహా జవాబులు చెప్పాడు. అందరూ మెచ్చుకుంటున్నారు. ఆడవాళ్ళ వైపునుంచి వాళ్ళ మేనత్త లేచి, "అబ్బాయా, మీ అమ్మ నీళ్ళకు పోయినప్పుడు నీళ్ళబిందె ఎవరు మోస్తున్నారు?" అంది. కుర్రాడు తలొంచుకున్నాడు. వాళ్ళమ్మకు ఆ మధ్యే గర్భసంచి ఆపరేషనయింది. సంఘం ఆ అబ్బాయిని వచ్చే దఫాకు ఆపింది. అతను అలిగి దూరమవలేదు. మరుసటి రోజునుంచి బిందె మోశాడు, తర్వాతి దఫాలో చేతులెత్తి అందరం ఒప్పుకున్నాం. ఈరోజు అతను ఒక సంఘానికి కాపరి. పేరు చెప్పను, చెప్పడం అతనికీ ఇష్టం ఉండదు.

బాప్తిస్మం రోజు తెల్లవారకముందే నడక. తెల్లబట్టలు మూట కట్టుకుని, పాడుకుంటూ. పాస్టరు గారు నడుముల్లోతు నీళ్ళలో నిలబడేవారు. వేసవిలో అంత లోతు దొరకక ఇసకలో మడుగు వెతకాల్సి వచ్చేది. రోమా ఆరో అధ్యాయం చదివేవారు: ఆయనతో కూడా పాతిపెట్టబడటం, ఆయనతో కూడా లేవడం. ఒడ్డున ఆడవాళ్ళు చీరలు అడ్డుపట్టి గుడారంలా చేసేవారు. నీళ్ళలోనుంచి లేచిన మనిషిని ముందు హత్తుకునేది పాస్టరు కాదు, ఒడ్డున తువ్వాలుతో ఎదురుచూసే డీకనమ్మ. ఆదివారం బల్ల దగ్గర పాస్టరు గారు సంఘమంతటి తరఫున వాళ్ళకు కుడిచెయ్యి ఇచ్చి చేర్చుకునేవారు. ఆ రోజునుంచి సంఘ కూడికలో వాళ్ళ చెయ్యి కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ చెయ్యి గురించే కాస్త ఎక్కువ చెప్పాలి. బాప్తిస్టు సంఘంలో ఏ నిర్ణయమైనా సభ్యుల కూడికలో జరగాలి. పాస్టరును పిలవడం, డీకన్లను ఎన్నుకోవడం, కానుకల లెక్క, ఒకరిని చేర్చుకోవడం, ఒకరిని ఆపడం, అన్నీ. పైనుంచి ఆజ్ఞ ఇచ్చే బిషప్పు లేడు. 1962లో ఏర్పడిన తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశం ఉన్నా, ప్రతి సంఘం తన ఇంటిని తానే చక్కబెట్టుకోవాలి. పగలంతా ఆసామి గడప బయట నిలబడి, కూలి ఎంతో కూడా అడగలేని మనిషి, సాయంత్రం గుడిలో లేచి, "పోయిన నెల కిరసనాయిలు డబ్బులు ఎక్కువ రాశారే, ఎందుకు?" అని కోశాధికారిని అడగొచ్చు. ఆయన జవాబు చెప్పి తీరాలి. నేను చూసిన ప్రజాస్వామ్యంలో నాకు మొట్టమొదటిది అదే, ఓట్ల పెట్టెల కన్నా ముందు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. చచ్చిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారని రేడియోలో వింటున్నాం. మా తీరంలోనూ గాలి వాన కొట్టింది గానీ మా గుడి పెంకులు లేచిపోవడంతో సరిపోయింది. ఆ పాత కప్పు బాగుకోసమే అంతకు ముందు రెండు పంటల కాలంగా డబ్బు పోగవుతూ ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక సభ్యుల కూడిక పెట్టారు. డీకన్లలో ఒకాయన, నిజాయితీగల మనిషే, "దేవుని మందిరం కోసం ఎత్తిన డబ్బు మందిరానికే వాడాలి, మనం పస్తుండైనా దివిసీమకు వేరే కానుక ఎత్తుదాం" అన్నాడు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కొంతసేపు వాదం నడిచింది. అప్పుడు నాయనమ్మ లేచింది. ఆమె సంఘ కూడికలో మాట్లాడటం అరుదు. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, "మన గుడికి కప్పు కారుతుంది. ఆడ అసలు కప్పుల కిందే మనుషులు పోయారంట. కారే కప్పు కింద కూచుని ప్రార్థన చేసుకోవడం మనకి చేతనవుద్ది. ఈ డబ్బు దాచుకుని చేసే ప్రార్థన నాకు చేతకాదయ్యా" అని కూచుంది.

ఓటు పెట్టారు. ఆడవాళ్ళ వైపు చేతులన్నీ లేచాయి. మగవాళ్ళ వైపు కూడా చాలా. ముందు వాదించిన డీకనే ఆ డబ్బు, దాంతోపాటు స్త్రీల సమాజం బియ్యం బస్తాలు తీసుకుని లారీలో వెళ్ళాడు. తిరిగి వచ్చాక ఆయన అక్కడ చూసింది చెప్పలేక మధ్యలో ఆగిపోయాడు. ఆ తర్వాతి వానాకాలం మేమంతా తాటాకులు కప్పిన గుడిలో కూచున్నాం. వాన పడ్డప్పుడు పాస్టరు గారి బైబిలు మీద ఒకరు గొడుగు పట్టేవారు.

ఆ బియ్యం సంగతి. మా పల్లెలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. పూటకు తినడానికే చాలని ఇళ్ళలో కూడా. పాలన్నం వండిన రోజు, పండగ రోజు కాస్త పెద్ద పిడికిలి. నెలాఖరుకు స్త్రీల సమాజం కుండలన్నీ ఒకచోట పోసి కొలిచేది. ఆ బియ్యంలోంచి బైబిలు స్త్రీకి కొంత, పురిటింటికి కొంత, జబ్బు పడ్డవాళ్ళ ఇంటికి కొంత. మా బైబిలు స్త్రీ ఒక వితంతువు. చెప్పులు లేకుండా పల్లెలు తిరిగేది. ఊరి ఇళ్ళలో దొడ్డిదారినే పిలిచేవారు, అయినా పోయేది. లోపల ఉన్న ఆడవాళ్ళకు చదవడం నేర్పేది. కాన్పులకు తోడుండేది. ఆమె ఎవరినీ గెలవాలని మాట్లాడటం నేను వినలేదు. ఎక్కువగా వాళ్ళ మాటలే వినేది. పరిచర్య అన్నది వేదిక మీద జరిగేదని అనుకునే ఈ రోజుల్లో నాకు ఆమె పగిలిన మడమలు గుర్తుకొస్తాయి.

పాస్టరు గారి పరిచర్య కూడా ఆదివారం బయటే ఎక్కువ. మిలటరీలో ఉన్న కొడుకులకు తల్లుల తరఫున ఉత్తరాలు రాసేవారు. తాలూకా ఆఫీసుకు అర్జీలు రాసేవారు. పిల్లల్ని బోర్డింగు స్కూళ్ళలో చేర్చడానికి తిరిగేవారు. ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే రాత్రంతా అక్కడే. ఆయనకు జీతం సరిగా అందింది తక్కువ. పంట పండుగ నాడు గుడికి తెచ్చిన ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు వేలం వేస్తే వచ్చిన సొమ్ములోంచి అప్పటిదాకా ఉన్న బకాయి తీర్చేవారు. పాస్టరమ్మ గారు ఆ బకాయిల మధ్యే బల్లకు ఎండుద్రాక్ష నానబెట్టి రసం తీసి సిద్ధం చేసేవారు, ఒక్క నెల తప్పకుండా.

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. సంఘ క్రమశిక్షణలో మేం చూసిన నొప్పి కూడా ఉంది. సారా తాగినవాణ్ణి బల్లనుంచి ఆపేవారు. వారానికోసారి ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్ళి కూచునేవారు. మానితే మళ్ళీ అందరి ముందూ చేర్చుకునేవారు. అలా తిరిగి నిలబడ్డ మనుషుల్ని నేనెరుగుదును. వాళ్ళ పిల్లల చదువులు ఆ ఇద్దరు పెద్దల పుణ్యమే. కానీ అదే కొలత అందరికీ ఒకేలా పడేది కాదు. పెళ్ళికి ముందు గర్భవతి అయిన ఒక అమ్మాయిని సంఘం ముందు నిలబెట్టారు. ఆ అబ్బాయి తండ్రి పలుకుబడి ఉన్న మనిషి, కొడుకును అప్పటికే నెల్లూరు పంపేశాడు. ఆ అమ్మాయి ఒక్కతే నిలబడింది. పాస్టరు గారు లేచి, "రెండో మనిషి వచ్చేదాకా ఈ విచారణ జరగదు. అమ్మా, నువ్వు కూచో" అన్నారు. ఆ మాటకు ఆయన మీద కొందరు నెలల తరబడి మొహం మాడ్చుకున్నారు, కానుకలు ఆపారు. ఆయన మెత్తబడలేదు. అబ్బాయిని పిలిపించారు, పెళ్ళి జరిగింది. క్రమశిక్షణ తప్పని నేననను. అది బలహీనుల మీదికే వంగిపోయినప్పుడు దాన్ని అడ్డుకునే కాపరి ఉండాలని మాత్రం గట్టిగా అంటాను. అలాంటి కాపరి లేని సంఘాల్లో ఇలాంటి అమ్మాయిలు ఎందరో శాశ్వతంగా గుడి వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు సభ్యుల రిజిస్టర్లలో ఎర్రసిరాతో కొట్టేసి ఉంటాయి.

నేను ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళేటప్పుడు సంఘం నాకు సిఫారసు పత్రిక ఇచ్చింది. ఫలానా సహోదరి మా సంఘంలో మంచి సాక్ష్యం కలిగి ఉంది, ప్రభువునందు చేర్చుకోండి అని. సభ్యుల కూడికలో తీర్మానం చేసి, కార్యదర్శి సంతకం పెట్టి, సంఘం ముద్ర వేసి. నగరంలో నేను చేరిన బాప్తిస్టు సంఘంలో ఆ కాగితాన్ని ఆరాధనలో పైకి చదివారు. ఎక్కడో పల్లెలో నన్ను ఎరిగిన మనుషుల పూచీ మీద ఇక్కడ నన్ను ఎరగని మనుషులు కుడిచెయ్యి ఇచ్చారు. ఆ రోజు నేను పడ్డ సంతోషం ఉద్యోగం వచ్చినప్పుడు కూడా పడలేదు.

తర్వాత తర్వాత నగరం మారింది. ఆదివారం ఎక్కడ పాటలు బాగుంటే అక్కడికి పోయే రోజులొచ్చాయి. పెద్ద హాళ్ళు, తెరల మీద పాటలు, వేలమంది. అక్కడ దేవుడు లేడని నేను అనను, ఎందరో అక్కడే మారుమనస్సు పొందారు. కానీ నేను ఒకచోట చాలా కాలం వెళ్ళాను. నా భర్త పోయిన నెలలో కూడా వెళ్ళాను. నేను ఎలా బతుకుతున్నానని గానీ, ఇంట్లో ఎవరున్నారని గానీ, బల్లకు సిద్ధపడ్డానా అని గానీ అడిగిన మనిషి లేడు. అద్భుతం గురించి సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చారు. అప్పు తీర్చావా, మీ తోటికోడలితో మాట్లాడుతున్నావా అని అడగలేదు. ఆ ప్రశ్నలు అడిగించుకోవడం ఒక ఆశీర్వాదమని మా పల్లె సంఘం నాకు నేర్పింది కాబట్టి, ఆ లోటు నాకు తెలిసింది. నేను మళ్ళీ మా చిన్న బాప్తిస్టు సంఘానికే తిరిగి వచ్చేశాను. ఇక్కడా సిద్ధపాటు కూడిక ఎప్పుడో ఆగిపోయి ఉంది. పాస్టరు గారిని అడిగితే, "శనివారం సాయంత్రం ఎవరొస్తారమ్మా?" అన్నారు. "ముందు నలుగురం వస్తాం, అయ్యగారూ" అన్నాను. మొదటి నెల నిజంగానే నలుగురమే వచ్చాం. ఇప్పుడు ఒక్కో నెల పదిహేను మంది దాకా ఉంటారు. ఎక్కువమంది పెద్దవాళ్ళం. ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు కూడా వస్తున్నారు. నిబంధన చదివే పని వాళ్ళకే అప్పగించాం.

పల్లెలో గుడి ఇప్పుడు స్లాబు కట్టడం. కరెంటు, ఫ్యాన్లు, మైకు అన్నీ ఉన్నాయి. పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు సభ్యుల కూడికకు నన్ను అతిథిగా కూచోబెట్టారు. నా ఓటు ఇక్కడ లేదు కాబట్టి మాట్లాడకూడదని ముందే చెప్పారు, ఆ మాట నాకు ఎంతో నచ్చింది. కొత్త సౌండు సిస్టం కొనాలా, మా దూరపు చుట్టం ఒకావిడ డయాలసిస్ ఖర్చుకు సంఘం నెలనెలా సాయం చెయ్యాలా అన్నది చర్చ. నా మనవరాలి వయసున్న ఒక పిల్ల, నర్సింగు చదువుతోందట, లేచి ఆస్పత్రి లెక్కలన్నీ చదివి వినిపించింది. ఒకాయన అడ్డుపడ్డాడు, ఇంకొకాయన అతని మీద లేచాడు, పాస్టరు గారు ఇద్దర్నీ కూచోమన్నారు. డయాలసిస్‌కే మొగ్గు పడింది. అయితే ఎన్ని నెలలు, ఎంత చొప్పున అన్నది తేలలేదు. భోజనాలయ్యాక మళ్ళీ కూచుందామని వాయిదా వేశారు.